బొమ్మ కార్లు నలభై దాటాయి, ఎక్కడ పెట్టాలి?

సాగరతీరం:
మాది విశాఖ, బీచ్‌కి దగ్గర్లోనే ఫ్లాట్. మావాడికి ఆరేళ్లప్పుడు హాట్ వీల్స్ కార్లు కొనడం మొదలుపెట్టాను. వాడు క్రికెట్‌లో పడి వీటిని వదిలేశాడు గానీ నేనే వదల్లేకపోతున్నా. మొత్తం నలభై మూడు, అన్నీ చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి, సగం ఇంకా ప్యాకింగ్ కూడా విప్పలేదు. హాల్లో షోకేస్ ఉంది కానీ అందులో కొండపల్లి బొమ్మల్ని, మా అత్తగారి పింగాణీ కప్పుల్ని కదపడానికి వీల్లేదని ఇంట్లో తీర్పు వచ్చేసింది. బాల్కనీ కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది, అక్కడ గోడకి అరలు కొట్టించనా? ప్యాకింగ్ విప్పాలా వద్దా? 1:18 సైజు (అసలు కారులో పద్దెనిమిదో వంతు) పెద్దవి కూడా మొదలుపెడదామా అని ఇంకో ఆలోచన.

గాజుబీరువా:
కిటికీ పక్కన వద్దే వద్దండీ. నేను ఆ పని చేసి అనుభవించాను. రెండు వేసవులు తిరిగేసరికి ఎర్ర కార్లు ఎండ తగిలిన వైపు వెలిసిపోయాయి, రెండోవైపు మాత్రం షాపులోంచి తెచ్చినట్టే ఉన్నాయి. మీకు సముద్రపు గాలి కూడా తోడు, అట్టలు చెమ్మకి ఉబ్బుతాయి, ఇరుసులు తుప్పు పడతాయి. లోపలి గోడకి, అద్దం తలుపులున్న అరలే పెట్టించండి. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా అరకొకటి పడేయండి. ఇంకో మాట, కార్పెంటర్లు అలవాటుకొద్దీ అడుగు లోతు పెట్టేస్తారు. చిన్న కారు పొడవు 7 సెంటీమీటర్లే కాబట్టి ఎనిమిది లోతు, ఆరు ఎత్తు చాలు. లోతు ఎక్కువైతే వెనక వరస కనపడదు, దుమ్ము దులపడం నరకం. దులపడానికి మెత్తటి మేకప్ బ్రష్ వాడండి, తడిగుడ్డ వద్దు.

నాలుగుచక్రాలు:
ప్యాకింగ్ గురించి నా మాట: విప్పెయ్ అన్నా. లక్షల్లో అచ్చేసే మామూలు కార్లు దాచుకుంటే ధర పెరుగుతుందనేది చాలావరకు భ్రమే. 1995 నుంచి ట్రెజర్ హంట్ అని తక్కువ సంఖ్యలో వదిలేవి వేరే ఉన్నాయి, వాటిలో సూపర్ రకానికి రబ్బరు టైర్లు, నిగనిగలాడే పెయింటు ఉంటాయి. అలాంటిది దొరికితే మాత్రం ముట్టుకోకు. ఇంకోటి, హాట్ వీల్స్‌ని 1:64 అంటారు కానీ అన్నిటికీ అదే ప్యాకింగ్ కాబట్టి లారీనీ బుల్లి కారునీ ఒకే సైజుకి తెచ్చేస్తారు, పక్కపక్కన పెడితే నవ్వొస్తుంది. 1:18 అంటే ఒక్కొక్కటీ 25 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, నాలుగు కొనేసరికి అర నిండిపోతుంది. వాటి మెత్తటి టైర్లు ఏళ్ల తరబడి అలాగే ఉంచితే కింది ప్లాస్టిక్‌కి అతుక్కుంటాయి కూడా, అప్పుడప్పుడూ జరుపుతుండాలి. ముందు 1:43 ఒకటి కొని చూడు.

పాతసామాను:
పై ఇద్దరూ చెప్పింది సరే, అసలు సంగతి ఏం కొనకూడదో తేల్చుకోవడం. నేను కూడా మొదట్లో కనపడిందల్లా కొన్నాను, తర్వాత సగం పిల్లలకి పంచేశాను. ఇప్పుడు మన రోడ్ల మీద చూసిన కార్లే పెట్టుకుంటున్నా: అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా, మారుతి 800. మా నాన్నగారి ఆఫీసు అంబాసిడర్ గుర్తుకని సెంటీ అనే బొమ్మల కంపెనీ వాళ్ల ప్లాస్టిక్ బొమ్మే పెట్టాను, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే రకం. బొమ్మ కార్లు సేకరించేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు, నాకు మాత్రం అదే ముందు వరసలో ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ పాతవి కొనేటప్పుడు జాగ్రత్త. ఈ కార్లు పోతపోసే జింక్ మిశ్రమంలో సీసం లాంటిది కలిస్తే లోహం లోపల్నుంచి ఉబ్బి, బీటలిచ్చి, ముక్కలవుతుంది, దానికి మందు లేదు. ఆన్‌లైన్‌లో ఒకాయన నాకు అలాంటిదే అంటగట్టాడు, ఫొటోలో బీటలున్న వైపు చూపించలేదు. నాలుగు వైపులా, అడుగున కూడా ఫొటో అడిగాకే డబ్బు పంపండి.

సాగరతీరం:
అందరికీ థాంక్సండీ. కిటికీ ఆలోచన మానేశాను, బెడ్‌రూమ్ దారిలో ఎండ తగలని గోడ ఒకటి దొరికింది, రేపు కార్పెంటర్ వస్తాడు. పెద్ద కార్లు ఇప్పటికి లేవు. ఇంట్లో కూడా కొంచెం మెత్తబడ్డారు, ఈసారి సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద పార్కూ రోడ్డూ వేస్తాం కదా, దాని మీదకి పది కార్లు కావాలట. ప్యాకింగ్ విప్పినవే కావాలట.