'బ్యూస్‌బ్యూట్యూన్'కి తెలుగేమిటి?

టర్కీ కవి అహ్మెత్ హమ్ది తాన్‌పినార్ (1901–1962) పద్యమొకటి తెలుగు చేద్దామని కూర్చుని, రెండో పాదంలోనే ఇరుక్కున్నాను.

నె ఇచిందేయిమ్ జమానిన్
నె దె బ్యూస్‌బ్యూట్యూన్ దిషిందా

'కాలం లోపలా లేను, పూర్తిగా బయటా లేను' అని అర్థం. ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ ఒడ్డున ఆషియాన్ శ్మశానంలో ఆయన సమాధిరాయి మీద చెక్కింది ఈ రెండు పాదాలే. 'జమాన్' మనకు కొత్తేం కాదు, ఉర్దూ మీదుగా వచ్చిన మన 'జమానా'కి చుట్టమే. చిక్కంతా 'బ్యూస్‌బ్యూట్యూన్'తోనే. 'బ్యూట్యూన్' అంటే మొత్తం. మొదటి అచ్చు దాకా తుంచి, ఒక 'స్' అతికించి, మళ్లీ మాట మొత్తం చెబుతారు. నలుపు 'కరా' అయితే కారునలుపు 'కప్‌కరా', నీలం 'మావి' అయితే ముదురు నీలం 'మస్‌మావి'. 'పూర్తిగా' అని రాస్తే ఆ ఊపు పోతోంది. ఏం చేద్దాం?

— అయ్యా, ఇది మన ఇంట్లో ఉన్నదే! కడ+కడ కట్టకడ, నడుమ+నడుమ నట్టనడుమ, మొదట+మొదట మొట్టమొదట. బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిందీ అదే: తొలి అచ్చు మీది అక్షరాలన్నీ పోయి 'ట్ట' వస్తుంది. వాళ్లు ప, మ, ర, స లలో ఒకటి పెడతారు, మనం ట్ట పెడతాం. పైగా మనకు 'బట్టబయలు' ఉంది. 'బట్టబయటా లేను' అనేయండి.

— చూడటానికి బాగుంది కానీ, బట్టబయలు అనగానే గుట్టు రట్టయినట్టు వినిపిస్తుంది. ఈ కవి గుట్టు దాచుకునేవాడు. 1939 నుంచి ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, పంతొమ్మిదో శతాబ్దపు టర్కీ సాహిత్య చరిత్ర 1949లో అచ్చేశాడు. కవితల పుస్తకం మాత్రం చనిపోవడానికి ఏడాది ముందు, 1961లో, అదీ 37 కవితలతో! అన్నట్టు తాన్ అంటే వేకువ, పినార్ అంటే ఊట. ఎంత మంచి ఇంటిపేరు!

— నాకైతే 'బొత్తిగా' చాలు. వ్యాకరణం కుదిరిందని అర్థాన్ని చెడగొట్టుకోకూడదు కదండీ.

— 'ఇచిందేయిమ్' చివరి 'యిమ్' గమనించారా? క్రియ లేకుండానే 'నేను' వచ్చేసింది, మన 'కవిని'లో 'ని' లాగా. 'లోపలివాణ్ని' అంటే సరిపోయేదే. కానీ టర్కీలో ఆడా మగా తేడా లేదు, మనకు 'వాడు' దూరిపోతాడు. 'లేను' అనడమే మేలు.

— అందరికీ దండాలు. 'బట్టబయట' వదులుకోవడానికి మనసొప్పలేదు గానీ, వదిలేశాను. మూడో పాదంలోని 'యెక్‌పారె'కి 'ఏకఖండం' అక్షరాలా సరిపోయింది:

కాలానికి లోపలా లేను
బొత్తిగా వెలుపలా లేను
ఏకఖండమైన ఓ విశాల క్షణపు
తునగని ప్రవాహంలో

— 'తునగని' తీసి 'తెగని' పెట్టండి.