పీట్ పొగ వాసనకు తెలుగులో ఏ మాట వాడాలి: ఘాటు, కమురు, పొగచూరు?

పోస్టు:

అందరికీ నమస్కారం. నేనుండేది అమెరికాలోని కెంటకీలో. అందుకే విస్కీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇక్కడ తయారయ్యే బర్బనే. ఈమధ్య స్కాట్లండ్ విస్కీ అయిన స్కాచ్ వైపు మళ్లాను. తాగిన సీసాల గురించి తెలుగులో రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. బర్బన్ గురించి రాయడానికి మాటల కోసం వెతుక్కోవాల్సిన పని రాలేదు. స్కాచ్‌లో మాత్రం ఒక్క వాసన దగ్గర ఆగిపోయాను. స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపం విస్కీల్లో వచ్చే పీట్ (బురదనేలల్లోంచి కోసి, ఎండబెట్టి కాల్చేది) పొగ వాసనను మనం ఏమనాలి?

బర్బన్ సులువు ఎందుకైందంటే, దాని రుచులన్నీ మన వంటింటి మాటల్లో ఉన్నాయి. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌కు వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే దాన్ని నిలవ ఉంచాలి. రంగు కలపకూడదు, రుచి కోసం ఇంకేదీ వేయకూడదు. కాలిన ఓక్ చెక్కలోంచి దిగే తీపి వాసనకు 'ముదురుపాకం' కన్నా మంచి మాట నాకు కనిపించలేదు. లేతపాకం, తీగపాకం, ముదురుపాకం అని పాకానికే ఇన్ని దశలు గుర్తుపట్టే భాష మనది. బఫలో ట్రేస్‌కు తీగపాకం సరిపోతుంది. వైల్డ్ టర్కీ 101ది ముదురుపాకం, పైగా మిరియాల కారం. ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్‌లో పాకం తగ్గి పళ్ల వాసన పైకొస్తుంది. ఎక్కువ ఏళ్లు పీపాలో ఉన్న బర్బన్‌కు 'వగరు' ఉండనే ఉంది.

స్కాచ్‌లో నాకు మొదట నచ్చింది గ్లెన్‌మొరంజీ ఒరిజినల్. కారణం తెలిసిందే. బర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపా కావాలి కాబట్టి ఒకసారి వాడినవి లక్షల్లో మిగిలిపోతాయి. స్కాట్లండ్ వాళ్లు వాటిని కొనుక్కుని తమ విస్కీ పోసుకుంటారు. గ్లెన్‌మొరంజీ పెరిగేది అలాంటి పీపాల్లోనే. బర్బన్‌లో ఉండే వెనిల్లా వాసన అందులోనూ ఉంటుంది గానీ పలచగా, నెమ్మదిగా తెలుస్తుంది. షెర్రీ వైన్ పీపాల్లో ఉంచే గ్లెన్‌ఫార్‌క్లాస్‌కు 'ఎండుద్రాక్ష' అని రాసుకున్నాను. ఇంతవరకు ఇబ్బంది లేదు. లాగవూలిన్ 16 తెరిచాక మాట దొరకలేదు. ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్కాచ్ అదే, అందుకే దానికి సరైన మాట కావాలని పట్టుబడుతున్నాను.

మీకు తోచింది చెప్పండి.

ఒక వ్యాఖ్య:

ఇందులో అంత ఆలోచించేదేముందండీ, 'ఘాటు' అంటే సరిపోతుంది. మనవాళ్లు పొగాకు ఘాటు అంటారు, మిరపకాయల ఘాటు అంటారు. పొగ ఉన్న విస్కీని ఘాటు విస్కీ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

జవాబు:

అర్థమవుతుందండీ, కానీ వేరేది అర్థమవుతుంది. ఘాటు ముక్కును, గొంతును మండిస్తుంది. విస్కీలో ఆ మంట చాలావరకు ఆల్కహాల్ శాతాన్ని బట్టి వస్తుంది. వైల్డ్ టర్కీ 101లో ఆల్కహాల్ 50.5 శాతం. గొంతు దిగేటప్పుడు మంట స్పష్టంగా తెలుస్తుంది. పీట్ పొగ మచ్చుకైనా ఉండదు. లఫ్రోయిగ్ 10 ఇక్కడ 43 శాతంతో దొరుకుతుంది. మంట తక్కువ, పొగ మాత్రం గది అవతలికి కూడా తెలుస్తుంది. రెండింటినీ ఘాటు అనేస్తే, ఏది తెచ్చుకోవాలో అడిగినవాళ్లకు మనం తప్పుదారి చూపించినట్టే. స్కై ద్వీపంలో తయారయ్యే టాలిస్కర్ 10లో పొగా ఉంది, మిరియపు ఘాటూ ఉంది. ఆ ఒక్క సీసా గురించి రాయాలన్నా మనకు రెండు వేర్వేరు మాటలు కావాలి.

ఇంకో వ్యాఖ్య:

అన్నా, 'కమురు వాసన' పనికిరాదా? మా దిక్కు ఏది కాలినా కమురు అనే అంటారు. అయినా బర్బన్ పీపాను కూడా లోపల కాలుస్తారని మీరే రాశారు. మరి అందులో పొగ వాసన ఎందుకు రాదు? నాకు ఆ తేడా అర్థం కాలేదు.

జవాబు:

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. అసలు విషయం అక్కడే ఉంది.

బర్బన్‌లో నిప్పు తగిలేది చెక్కకు. పీపా లోపలి వైపు కొద్దిసేపు మంట పెడతారు, పైపొర బొగ్గవుతుంది. ఆ బొగ్గు పొర వెనకాల చెక్కలో ఉన్న చక్కెరలు వేడికి మారి పాకం వాసన ఇస్తాయి. వెనిల్లా వాసన కూడా అక్కడిదే. పీపాలో విస్కీ పోసేసరికి పొగ ఎప్పుడో పోయి ఉంటుంది.

స్కాచ్‌లో పొగ తగిలేది గింజకు. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు, మొలక ఎక్కువ పెరగకుండా బట్టీలో ఆరబెడతారు. ఐలాలో ఆ బట్టీ కింద పీట్ వేస్తారు. బురదనేలల్లో నాచు, గడ్డి, మొక్కలు వేల ఏళ్లు కుళ్లీ కుళ్లకుండా పేరుకున్నదే పీట్. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. గింజ ఇంకా తడిగా ఉన్నప్పుడే పొగలోని ఫినాల్స్ (ఆ వాసననిచ్చే రసాయనాలు) దానికి పట్టుకుంటాయి. అలా పట్టిన వాసన ఆ తర్వాత సారాలా మరిగించి దించినా, ఏళ్ల తరబడి పీపాలో ఉన్నా పోదు. ఆర్డ్‌బెగ్ వాడే బార్లీలో ఈ ఫినాల్స్ 55 పీపీఎం (పది లక్షల భాగాల్లో 55) దగ్గర ఉంటాయి, లాగవూలిన్ బార్లీలో 35 దగ్గర. ఈ లెక్క గింజలోది. సీసాలోకి వచ్చేసరికి బాగా తగ్గుతుంది.

ఇక కమురు. నూనె మాడినా, వెంట్రుక కాలినా, గుడ్డ అంటుకున్నా వచ్చేది కమురు వాసన. జిడ్డు కాలిన వాసన అది. ఆర్డ్‌బెగ్‌లో తారు లాంటి వాసన కొంచెం తగులుతుంది కాబట్టి ఆ ఒక్కదానికి నీ మాట ఒప్పుకుంటాను. లాగవూలిన్‌కు మాత్రం అస్సలు నప్పదు. కమురు అనగానే మనవాళ్లు ముక్కు మూసుకుంటారు, ఇది మళ్లీ మళ్లీ వాసన చూడాలనిపించే పొగ.

మరో వ్యాఖ్య:

మీరు చెబుతుంటే నాకు దాలి గుర్తొస్తోంది. మా అమ్మమ్మగారింట్లో పొద్దున పిడకలు అంటించి పాలకుండ దాలిలో పెడితే సాయంత్రం దాకా కాగేవి. ఎర్రటి మీగడ కట్టేది. ఆ పాలలో, పెరుగులో, చివరికి నేతిలో కూడా సన్నటి పొగ వాసన ఉండేది. గ్యాసు పొయ్యి మీద కాచిన పాలకు అది రాదు. 'పాలు పొగచూరాయి' అనేవారు పెద్దవాళ్లు. మీకు కావాల్సిన మాట ఇదేనేమో చూడండి.

జవాబు:

ఇదేనండీ! చాలా సంతోషం. పిడక కూడా పీట్‌లాగే మంట తక్కువ, పొగ ఎక్కువ. నిదానంగా రాజుకుంటూ పొగను పదార్థంలోకి ఎక్కిస్తుంది. 'పొగచూరు' అన్న మాటలో ఆ నిదానం ఉంది. పొగచూరిన గోడ, పొగచూరిన చూరు, పొగచూరిన కుండ... పొగ పోయాక కూడా వాసన ఉండిపోవడం ఇందులో వినిపిస్తుంది. 'పొగ వాసన' అంటే ఇప్పుడు ఎదురుగా ఏదో కాలుతున్నట్టుంది. 'పొగబెట్టిన' అందామంటే ఎవరినో ఇంట్లోంచి వెళ్లగొట్టినట్టుంది. ఇకనుంచి నా పుస్తకంలో లాగవూలిన్ పక్కన 'పొగచూరిన తీపి' అనే రాస్తాను. అందులో పొగ కింద బర్బన్ పాకాన్ని గుర్తుచేసే తీపి ఉంది, మీ దాలి పాలలో పొగ కింద ఉన్నట్టే.

మొదటి వ్యాఖ్య రాసినవారు మళ్లీ:

పొగచూరు నాకూ నచ్చింది. మరి లఫ్రోయిగ్‌కు? దాన్ని మందు వాసన అంటారు కదా.

జవాబు:

మందు అంటే మనకు విస్కీ కూడా మందే కదండీ, అక్కడొచ్చింది చిక్కు! మందులో మందు వాసన అంటే వినేవాళ్లు తికమకపడతారు. చరిత్రలో ఆ రెండు అర్థాలూ నిజంగానే కలిశాయి. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో డాక్టరు చీటీ రాస్తే బర్బన్ మందుల షాపులో దొరికేది. కానీ లఫ్రోయిగ్‌కు నేను 'ఆసుపత్రి వాసన' అనే రాస్తాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే గాయం కట్టు, డెట్టాల్ గుర్తొస్తాయి. ఈ పోలిక ఊరికే రాలేదు. పీట్ పొగలో ఉండేదీ, డెట్టాల్‌లో ఉండేదీ ఫినాల్ కుటుంబం రసాయనాలే. బర్బన్ అలవాటున్నవాళ్లు స్కాచ్‌ను దీంతో మొదలుపెట్టవద్దని నా సలహా. గ్లెన్‌మొరంజీ, ఆ తర్వాత టాలిస్కర్, ఆ తర్వాత లాగవూలిన్, ఆఖరికి లఫ్రోయిగ్.

ఇంకొకటి మిగిలింది. ఐలా విస్కీల్లో పొగతో పాటు ఉప్పుగాలి, ఒడ్డున ఎండిన సముద్రపు నాచు కలిసిన వాసన ఒకటి ఉంటుంది. 'నీచు' అందామంటే అది చేపలది. భీమిలి, బందరు, చీరాల వైపు సముద్రం పక్కన పెరిగినవాళ్లెవరైనా గ్రూపులో ఉంటే, మీ ఇళ్లలో ఆ ఒడ్డు వాసనను ఏమంటారో రాయరూ?