మొదటి పేరా దాటలేకపోతున్నాను, కథ పూర్తయ్యేది ఎలా?

చిత్తుకాగితం:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా కథలు రాస్తున్నాను. లాప్‌టాప్‌లో 17 కథలున్నాయి, పూర్తయినవి రెండే. ఆలోచన వచ్చిన రోజు ఉత్సాహంగా కూర్చుంటాను, మొదటి పేరా రాస్తాను, చదువుకుంటాను, ఒక మాట నచ్చదు, మారుస్తాను, అది మారితే పక్క వాక్యం కుదరదు, అలా మూడు గంటలయ్యాక చూసుకుంటే ఉన్నది ఆ పేరానే. వారం తర్వాత ఆ ఫైల్ తెరవాలంటేనే టెన్షన్. ఈమధ్య ఒక కథకి మొదటి పేరా 22 రకాలుగా రాసి పెట్టుకున్నాను, రెండో పేరా మాత్రం లేదు. "అంత పర్ఫెక్షన్ ఎందుకు, ఏదో ఒకటి రాసెయ్" అంటారు స్నేహితులు. నాకు రాయాలని ఉన్నది మంచి కథ, ఏదో ఒకటి కాదు. నాణ్యత తగ్గించుకోకుండా దీన్నుంచి బయటపడ్డవాళ్లు ఉంటే ఎలాగో చెప్పండి.

రెండోప్రతి:
తగ్గించుకోనక్కర్లేదండీ, స్నేహితుల ఆ సలహా నాకూ ఎప్పుడూ పనిచేయలేదు. కానీ కథ ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా మొదటి పేరా బాగుందో లేదో తేల్చడం ఎవరివల్లా కాదు. ముగింపు తెలిస్తేనే ప్రారంభంలో ఏం ఉండాలో తెలుస్తుంది. నేను ఒక కథ ప్రారంభాన్ని నెలరోజులు చెక్కాను, తీరా కథంతా అయ్యాక చూస్తే అసలు కథ మూడో పేజీలో మొదలవుతోంది. ముందున్న రెండు పేజీలూ కొట్టేశాను. ఆ నెల తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అప్పట్నుంచి నాకు రాసే పూట వేరు, దిద్దే పూట వేరు. పొద్దున చేత్తో కాగితం మీద రాస్తాను, వెనక్కి వెళ్లి చదవను. మాట దొరక్కపోతే ఒక గీత గీసి 'ఇక్కడ తల్లి కోపం, ఇంకా బలంగా' అని రాసుకుని ముందుకు పోతాను. దిద్దడం కథ మొత్తం అయ్యాకే, అదీ కనీసం వారం పక్కన పెట్టాక. అప్పుడు ఎంత కఠినంగా ఉన్నా పర్లేదు, ఎన్నిసార్లు తిరగరాసినా పర్లేదు. అమెరికన్ రచయిత హెమింగ్వే 1929లో వచ్చిన తన నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' చివరి పేజీని 39 సార్లు తిరగరాశానని 1958 నాటి ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆఖరి పేజీతో అంత కుస్తీ పట్టాలంటే ముందు అక్కడిదాకా రాసి ఉండాలి కదా.

నీలిరంగు:
పద్ధతి మంచిదే. కానీ మీరు చెప్పింది చదువుతుంటే నాకు భయం కనిపించింది, తప్పయితే మన్నించండి. నేను బొమ్మలు వేస్తాను. స్కెచ్‌బుక్‌లో హాయిగా నడిచే చెయ్యి కాన్వాస్ ముందు బిగుసుకుపోతుంది. చెయ్యి అదే, రంగులు అవే, కాన్వాస్‌ని మాత్రం ఎవరో చూస్తారు, అంతే తేడా. పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ అనే సైకాలజిస్టులు 1991లో పర్ఫెక్షనిజాన్ని మూడు రకాలుగా విడదీశారు. మనమీద మనం పెట్టుకునేది ఒకటి, ఎదుటివాళ్ల మీద పెట్టేది ఇంకొకటి, లోకం మన దగ్గర లోపం లేని పనే ఆశిస్తోందని మనం నమ్మేది మూడోది. నాది ఆ మూడోదని తెలిశాక చాలా అర్థమైంది.

ఎవరికీ చూపించనని ముందే ఒట్టు పెట్టుకుని ఒక్క పేజీ కథ రాసి చూడండి. అది సాఫీగా సాగిందంటే మీ మొదటి పేరాని ఆపుతున్నది భాష కాదు, దాన్ని చదవబోతున్న ఎవరో ఒక మనిషి. ఆ మనిషి ఎవరో కాగితం మీద పేరు రాసుకోండి. నాకైతే చిన్నప్పుడు నా బొమ్మ క్లాసులో అందరికీ ఎత్తి చూపించి నవ్విన ఒక టీచర్.

శ్రుతిపెట్టె:
నేను కొంచెం ఒప్పుకోను. ప్రతి పట్టుదలా భయం కాదు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తీగవాద్యాల కోసం రాసే సంగీతం) 1873లో, 40 ఏళ్ల వయసులో అచ్చుకిచ్చాడు. అంతకుముందు ఇరవై దాకా రాసి పారేశానని చెప్పుకున్నాడంటారు. ఆ మనిషిని పిరికివాడనలేం, తన చెవికి నచ్చనిది బయటికి వదల్లేదు, అంతే. కాకపోతే రాసి పారేశాడు, రాయకుండా ఆగలేదు. కాబట్టి పారేసే హక్కు మీకుంది, కథ అయ్యాక.

చిత్తుకాగితం:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కాగితం మీద రాశాను, 5 పేజీలు వచ్చాయి, ఎనిమిది చోట్ల గీతలున్నాయి. ఒకే రోజు ఇన్ని పేజీలు ఎప్పుడు రాశానో గుర్తులేదు. నీలిరంగు గారూ, ఆ మనిషి ఎవరా అని ఆలోచించాను, మా అన్నయ్య. ఇంతవరకూ నా కథ ఒక్కటి కూడా ఆయన చదవలేదు, పేరు రాశాకే ఆ సంగతి తట్టింది, కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండోప్రతి గారూ, ఒక సందేహం. గీతలున్న చోట్లు ఇప్పుడే పూరించేయాలని చెయ్యి లాగుతోంది, పూరించనా?

రెండోప్రతి:
వద్దు, ఆగండి. ముగింపు రాశాక వాటిలో కొన్ని అసలు అక్కర్లేదని మీకే తెలుస్తుంది. ఆ 5 పేజీలూ సొరుగులో పెట్టేయండి. రేపు ఐదో పేజీ చివరి రెండు లైన్లు మాత్రం చదువుకుని ఆరో పేజీ మొదలుపెట్టండి.