పెళ్ళి ఫోటోల స్లైడ్‌షోకు చట్టబద్ధంగా ఏ సంగీతం వాడవచ్చు?

ప్రశ్న (స్టూడియో నిర్వాహకుడు, రాజమహేంద్రవరం)

నమస్కారం. పెళ్ళి ఆల్బమ్‌తో పాటు నాలుగైదు నిమిషాల ఫోటో స్లైడ్‌షో కూడా చేసి ఇవ్వడం మా స్టూడియోలో అలవాటు. దాని ఖరీదు ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. పెళ్ళివారు ఎక్కువగా కొత్త సినిమా పాటనే కోరతారు. ఆ తరువాత దానిని బంధువుల వాట్సాప్ గ్రూపులకు పంపుతారు, యూట్యూబ్‌లోనూ పెట్టుకుంటారు. పెళ్ళిళ్ళకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉందని తోటి ఫోటోగ్రాఫర్లు అంటున్నారు. అది స్లైడ్‌షోకు కూడా వర్తిస్తుందా? వర్తించకపోతే అన్నమయ్య, త్యాగరాజ కీర్తనలను నిరభ్యంతరంగా వాడుకోవచ్చా? 30 సెకన్లలోపు అయితే ఫరవాలేదన్న మాట ఎంతవరకు నిజం?

సమాధానం (న్యాయవాది, విజయవాడ)

30 సెకన్ల నియమమేదీ మన చట్టంలో లేదు. వీడియో కింద 'హక్కులు సంగీత సంస్థవే' అని రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కూడా కాదు.

మీ మిత్రులు చెప్పే మినహాయింపు 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉన్న మాట వాస్తవమే. ఊరేగింపుతో సహా పెళ్ళి వేడుకల్లో పాట పాడినా, రికార్డు వినిపించినా అది ఉల్లంఘన కాదు. దీనిని గుర్తు చేస్తూ కేంద్రం 2023 జులైలో ఒక ప్రకటన కూడా ఇచ్చింది. అయితే ఆ రక్షణ వేడుకలో పాటను వినిపించడానికే. అదే పాటను మీ ఫోటోలకు జతచేసి ఒక వీడియోగా తయారు చేసి, డబ్బు తీసుకుని ఇవ్వడం వేరే పని. దానికి పాట రచన, బాణీల హక్కుదారుల అనుమతి ఒకటి, రికార్డింగు హక్కుదారుల అనుమతి మరొకటి కావాలి. ఫంక్షన్ హాలు వారు తీసుకునే ప్రదర్శన లైసెన్సు ఇందుకు పనికిరాదు.

కీర్తనల విషయంలో ఎక్కువ మంది పొరబడతారు. త్యాగరాజు 1847లో పరమపదించారు కనుక ఆయన కృతులపై ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ నిన్న మొన్న విడుదలైన రికార్డింగుకు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళ పాటు హక్కు ఉంటుంది. గాయకుల ప్రదర్శన హక్కు దానికి అదనం. అన్నమయ్య సంకీర్తనల్లో మరో చిక్కు ఉంది. సాహిత్యం 15వ శతాబ్దానిదే అయినా, నేడు మనం వినే బాణీలలో చాలా వాటిని 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చారు. ఉదాహరణకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో మరణించారు కనుక, ఆయన స్వరపరచిన బాణీలకు 2039 చివరి వరకు రక్షణ ఉంటుంది.

సమాధానం (వీడియో ఎడిటర్, హైదరాబాద్)

ఆర్ట్‌లిస్ట్, ఎపిడెమిక్ సౌండ్ వంటి సంస్థలకు చందా కట్టి సంగీతం తీసుకోవడం మాకు అలవాటు. చందా కట్టే ముందు ఆ ప్లాను సొంత ఛానెల్‌కేనా, ఖాతాదారులకు చేసి ఇచ్చే పనికి కూడానా అన్నది తప్పక చూడండి. చవక ప్లాన్లు చాలా వరకు సొంత ఛానెల్‌తోనే ఆగిపోతాయి. క్రియేటివ్ కామన్స్ సంగీతమైతే (అంటే కర్తలే కొన్ని షరతులతో అందరినీ ఉచితంగా వాడుకోనిచ్చేది) 'ఎన్‌సీ' గుర్తున్నది డబ్బు తీసుకునే పనికి కుదరదు. 'ఎన్‌డీ' ఉన్నదీ కుదరదు, ఎందుకంటే వీడియోకు జతచేయడాన్ని ఆ లైసెన్సు మార్పుగానే లెక్కిస్తుంది. 'బీవై' మాత్రమే ఉంటే కర్త పేరు వేసి వాడుకోవచ్చు. లైసెన్సు పత్రాన్ని ఆ ప్రాజెక్టు ఫోల్డరులోనే భద్రపరచండి, యూట్యూబ్ అభ్యంతరం పంపినప్పుడు చూపించవలసింది దానినే.

అయితే ఇలా దొరికే విదేశీ పియానో సంగీతం మన తలంబ్రాల ఫోటోలకు అతకదని నా అభిప్రాయం.

ప్రశ్న వేసినవారు

నా సందేహమూ అదే. పెళ్ళిలో వాయించే సన్నాయి మేళాన్నే రికార్డు చేసి వాడుకోవచ్చా?

సమాధానం (న్యాయవాది, విజయవాడ)

వాడుకోవచ్చు, మీకు అన్నిటికన్నా తగిన దారి కూడా అదే. 'సీతా కల్యాణ వైభోగమే' వంటి త్యాగరాజ కృతినే వాయించమని ముందుగా కోరండి. మేళం సినిమా బాణీ అందుకుంటే సమస్య మళ్ళీ మొదటికి వస్తుంది. కళాకారులకు విడిగా పారితోషికం ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అందులో కాలపరిమితి, ప్రాంతం తప్పక రాయించాలి. కాలం రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. పెళ్ళికూతురి అన్నగారు డల్లాస్‌లో ఉండి అక్కడ యూట్యూబ్‌లో పెట్టే అవకాశం ఉంటే 'ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం' అని స్పష్టంగా రాయించండి.