మామగారిని క్రాకోవ్ తీసుకెళ్తున్నాం, సలహా కావాలి

నా భర్తది యూదు కుటుంబం. మామగారి అమ్మ పోలండ్‌లోని క్రాకోవ్ గెట్టోలో, అంటే నాజీలు యూదులను బంధించి ఉంచిన పేటలో, ఉండేవారు. 1943 మార్చిలో నాజీలు దాన్ని ఖాళీ చేయించి, ఆమెను ప్వాషుఫ్ నిర్బంధ క్యాంపుకు తరలించారు. ఇంటిల్లిపాదిలో ఆమె ఒక్కరే బతికారు. ఆ సంగతులు ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదట. యుద్ధం తర్వాత పుట్టిన మామగారు మాత్రం ఇప్పటికీ బీరువాలో రొట్టె దాస్తారు, కాలింగ్ బెల్ మోగితే ఉలిక్కిపడతారు. ఈమధ్య మా పదేళ్ల పాప కూడా పళ్లెంలో ఏమైనా మిగిలితే ఏడుస్తోంది. నాకు అదే టెన్షన్.

వచ్చే నెల అందరం వెళ్తున్నాం. గెట్టో ఉన్న చోట ఇప్పుడు స్మారకంగా ఖాళీ లోహపు కుర్చీలు పెట్టారు. అవి చూసి ఆయన తట్టుకోగలరా? వాళ్లమ్మ ఉన్న పాత ఇంటి తలుపు తట్టాలని ఆయన పట్టు. అక్కడివాళ్లకు ముందే ఉత్తరం రాయాలా? పాపను క్యాంపు చోటికి తీసుకెళ్లొచ్చా? ఇలాంటి ప్రయాణం చేసినవాళ్లు, కౌన్సెలర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.