బ్లాక్‌చైన్ కోర్సు: ఎన్‌పీటెల్ సరిపోతుందా, 45 వేలు కట్టాలా?

అనంతపురం_సీఎస్‌ఈ: అన్నా, బీటెక్ మూడో సంవత్సరం. ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల బ్లాక్‌చైన్ (క్రిప్టో కాయిన్ల లావాదేవీలు రాసే ఉమ్మడి చిట్టా) కోర్సు ఉంది. ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో 45 వేలు కడితే సర్టిఫికెట్‌తో పాటు కాయిన్లు కూడా ఇస్తామంటున్నారు. ఏది మేలు? క్రెడిట్లు కావాలి, కోడింగూ రావాలి.

పెన్నేటి_గట్టు: క్రెడిట్లకైతే ఎన్‌పీటెలే. 12 వారాలు, పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు (12లో బాగా వచ్చిన 8 లెక్కలోకి తీసుకుంటారు), పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. పరీక్షలో 60 తెచ్చుకున్నా అసైన్‌మెంట్లు 9 దగ్గర ఆగితే సర్టిఫికెట్ రాదు. వారం గడువు పోనీయొద్దు. చేరే ముందే ఆ కోర్సుకు మీ కాలేజీ క్రెడిట్ ఇస్తుందో లేదో కనుక్కో. తర్వాత అడిగితే లాభం లేదు.

కొండారెడ్డి_బురుజు: అది థియరీకి. కోడింగ్‌కు రీమిక్స్ తెరువు, చైన్ మీద నడిచే ప్రోగ్రాములు (కాంట్రాక్ట్‌లు) సాలిడిటీ భాషలో రాసే ఎడిటర్ అది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. మొదట రీమిక్స్ వీఎంలోనే (దానిలోనే ఉండే ఉత్తుత్తి చైన్) నడిపి చూడు, చేయి తిరిగాక సెపోలియా టెస్ట్‌నెట్‌కు (ఈథీరియం సాధన నెట్‌వర్క్) పో. పాత వీడియోలతోనే తంటా. రోప్‌స్టెన్, రింకెబీ వాడమంటే ఆ పాఠం పక్కన పెట్టు, ఆ నెట్‌వర్కులు మూతపడ్డాయి. ట్రఫుల్, గనాష్ అనే కోడింగ్ టూల్స్‌ను ఆపేస్తున్నట్టు 2023లోనే చెప్పేశారు. వాటి బదులు హార్డ్‌హ్యాట్ గానీ ఫౌండ్రీ గానీ పట్టుకో. ప్రతి కూడికకూ సేఫ్‌మ్యాథ్ (సంఖ్య హద్దు దాటకుండా చూసే లైబ్రరీ) పెట్టిస్తుంటే అది సాలిడిటీ 0.8కు ముందుది. ఇప్పుడు ఓవర్‌ఫ్లో అయితే (సంఖ్య హద్దు దాటితే) లావాదేవీ దానంతటదే రివర్ట్ (రద్దు) అవుతుంది.

టెస్ట్‌నెట్‌లో ఖర్చుకు టెస్ట్ ఈథర్ (ఉత్తుత్తి కాయిన్) ఇచ్చే సైట్లు ఫాసెట్లు. కొన్ని ఫాసెట్లు మెయిన్‌నెట్‌లో (అసలు నెట్‌వర్క్) అసలు ఈథర్ ఉంటేనే ఇస్తాయి. దానికోసం కొనొద్దు, బ్రౌజర్‌లో మైనింగ్ (మన కంప్యూటర్‌తో లెక్కలు) చేయించుకుని ఇచ్చే ఫాసెట్ ఉంది. ప్రాక్టీసు వాలెట్ వేరుగా పెట్టుకో. ప్రైవేట్ కీ (వాలెట్ తాళంచెవి) ఉన్న ఫైలు గిట్‌హబ్‌కు (కోడ్ పెట్టుకునే సైట్) ఎక్కిందంటే ఆ వాలెట్‌ మీద ఆశ వదులుకోవాల్సిందే, ఫైలు తర్వాత తీసేసినా పాత కమిట్‌లో (ముందు సేవ్ అయిన కాపీ) కీ అట్లే ఉంటుంది.

కడప_కారందోశ: 45 వేల సంగతి ఎవరూ ఎత్తలేదే! 2014లో మొదలైన వన్‌కాయిన్ అనే క్రిప్టో మోసం అమ్మింది కూడా 'ఎడ్యుకేషన్ ప్యాకేజీలే', వాటితో టోకెన్లు. వెనకాల అసలు బ్లాక్‌చైనే లేదు. నడిపిన రూజా ఇగ్నటోవా 2017లో మాయమైంది, 2022లో ఎఫ్‌బీఐ వెతుకుతున్న టాప్ టెన్ నిందితుల జాబితాకెక్కింది. ఆ కాయిన్ ఏ చైన్ మీద ఉంది, కాంట్రాక్ట్ అడ్రస్ ఏది అని అడుగు. ఎక్స్‌ప్లోరర్‌లో (చైన్ మీది లావాదేవీలు చూపే సైట్) కనపడినా దానికి విలువ ఉన్నట్టు కాదు. ఇంకొకరిని చేర్పిస్తే కమిషన్ అన్నారంటే లేచి వచ్చెయ్.

డబ్బు వైపు అర్థం కావాలంటే ఎంఐటీలో గ్యారీ జెన్స్లర్ 2018లో చెప్పిన 'బ్లాక్‌చైన్ అండ్ మనీ' ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉచితం.

అనంతపురం_సీఎస్‌ఈ: ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌ది, చాలునా?

కొండారెడ్డి_బురుజు: రీమిక్స్‌కు చాలు, మిగతా ట్యాబులు మూసుకో. ఫుల్ నోడ్ (చైన్ మొత్తాన్ని దించుకుని సరిచూసే ప్రోగ్రాం) మాత్రం దాని మీద పెట్టొద్దు.