జూలైలో అమ్మానాన్నలతో క్యోటో: ఏవి ఉంచాలి, ఏవి కొట్టివేయాలి?

కౌశిక ఒడ్డు:

నమస్కారం. మాది అమలాపురం దగ్గరి పల్లెటూరు. మా అక్కయ్య, బావగారు మూడేళ్ళుగా ఒసాకాలో ఉంటున్నారు. ఈ జూలై 12 నుంచి 20 దాకా అమ్మానాన్నలను వాళ్ళింటికి తీసుకువెళుతున్నాను. నాన్నగారికి 71 ఏళ్ళు, నడక బాగానే ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పది మెట్లు ఎక్కితే పావుగంట కూర్చోవలసిందే. అందరమూ శాకాహారులం. బావగారు పంపిన పట్టికలో పద్నాలుగు గుళ్ళు, మూడు కోటలు, నాలుగు బజార్లు, వాటి మధ్యలో 17న క్యోటోలో రథాల ఊరేగింపు జరిగే గియోన్ ఉత్సవం ఉన్నాయి. అది చదివి నాన్నగారు "ఇది యాత్రా, ఎన్నికల ప్రచారమా?" అన్నారు. అమ్మ చూడగలిగినవి వీటిలో ఏవి, అంత ఎండలో, అంత జనంలో ఉత్సవానికి తీసుకువెళ్ళడం మంచిదేనా అన్నది వెళ్ళివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

రాజోలు ప్రవాసి:

ఆరేళ్ళు క్యోటోలో ఉద్యోగం చేసి నిరుడు తిరిగివచ్చాను. ఏది కొట్టివేసినా గియోన్‌ను మాత్రం కొట్టివేయకండి. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలను చూస్తూ పెరిగినవారికి అక్కడ వివరించి చెప్పవలసింది పెద్దగా ఉండదు. 869లో అంటువ్యాధులు ప్రబలినప్పుడు వాటిని శాంతింపజేయడానికి మొదలైన ఉత్సవమది. ఆ పేరు కూడా మన దేశం నుంచి వెళ్ళిన జ్ఞాపకమే: శ్రావస్తిలో బుద్ధుడు నివసించిన జేతవన విహారానికి తూర్పు దేశాలలో వాడుకైన పేరు నుంచి గియోన్ వచ్చింది.

17న ఉదయం తొమ్మిదింటికి రథాలు బయలుదేరుతాయి. వాటిలో పెద్దవి దాదాపు 25 మీటర్ల ఎత్తు, 12 టన్నుల దాకా బరువు ఉంటాయి. చట్రానికి ఒక్క మేకు కొట్టరు. అంతా గడ్డి తాళ్ళతో బిగించిన కట్టే. చక్రాలు పక్కకు తిరగవు కనుక, షిజో కవరమాచి కూడలికి రాగానే చక్రాల కింద పచ్చి వెదురు బద్దలు పరచి, నీళ్ళు చల్లి, ముందు నిలబడ్డవారు విసనకర్రలు ఎత్తి కేక వేయగానే పక్కనుంచి తాళ్ళతో ఒక్క ఊపున లాగుతారు. రథం కొంచెం జారి ఆగుతుంది, మళ్ళీ బద్దలు సర్దుతారు, మళ్ళీ లాగుతారు. కౌశిక కాలువలోకి ప్రభ దిగేటప్పుడు గట్టుమీది జనం ఊపిరి బిగబట్టడం మీరు చూసే ఉంటారు. అక్కడా అంతే, కాకపోతే అరుపులు కాస్త తక్కువ. రథాల పక్కలకు కట్టిన తివాచీలను కూడా నాన్నగారికి చూపించండి. వాటిలో కొన్ని మన దక్కనులో నేసి, డచ్చివారి ఓడల్లో అక్కడికి చేరినవని నిపుణులు భావిస్తున్నారు. పాలకొల్లులోనూ మచిలీపట్నంలోనూ డచ్చివారి వర్తకస్థావరాలు ఉండేవన్నది మనవైపు తెలిసిన సంగతే కదా.

అయితే 17న ఎండలో మూడు గంటలు నిలబడడం అమ్మగారి వల్ల కాదు. ఓయికే వీధిలో టిక్కెట్టు పెట్టి కుర్చీలు వేస్తారు, కానీ అక్కడ నీడ ఉండదు. నన్నడిగితే ఆమెను 13వ తేదీనే తీసుకువెళ్ళండి. రథాలను వీధుల్లోనే కడతారు కనుక తాళ్ళ అల్లిక చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తుంది. 12, 13 తేదీల మధ్యాహ్నం, కట్టడం పూర్తయిన పెద్ద రథాలను కొద్దిదూరం లాగి సరిచూస్తారు. ఆ తాడును దారినపోయేవారు కూడా పట్టుకోవచ్చు. 17న మీరూ నాన్నగారూ వెళితే సరిపోతుంది.

భీమవరం కోడలు:

మా అత్తగారికీ మోకాళ్ళ నొప్పులే కనుక కోటల సంగతి నేను చెబుతాను. హిమేజీ కోట నిజంగా అందమైనది, 1609 నాటి కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది. కానీ లోపల చెప్పులు సంచిలో పెట్టుకుని, నిచ్చెనల్లాంటి చెక్కమెట్లమీద ఆరంతస్తులు ఎక్కాలి. అత్తగారిని కింద తోటలో కూర్చోబెట్టి మేము ఎక్కి వచ్చేసరికి ఆవిడ ముఖం చూడవలసింది. ఒసాకా కోటలో లిఫ్టు ఉంది, ఎందుకంటే అది 1931లో కాంక్రీటుతో తిరిగి కట్టినది. పాతదనం కావాలి, మెట్లు వద్దు అనుకుంటే క్యోటోలోని నిజో కోటకు వెళ్ళండి. అక్కడి భవనం ఒకే అంతస్తు. నడుస్తుంటే నేలచెక్కల కింద మేకులు, ఇనుప కొక్కేలు రాసుకుని పిట్టలు కూసినట్టు వినిపిస్తుంది.

గుళ్ళలో సాంజూసాంగెన్‌దోను మొదట పెట్టుకోండి. 120 మీటర్ల పొడవైన చావడిలో కరుణామూర్తి అయిన బోధిసత్త్వుడు కన్నోన్ విగ్రహాలు 1001, వాటితో పాటు 28 మంది పరివార దేవతలు ఉంటారు. వారిలో బ్రహ్మ, ఇంద్రుడు ఉన్నారు. రెక్కలతో వేణువు ఊదుతున్న గరుత్మంతుణ్ణి అత్తగారు నేను చెప్పకుండానే గుర్తుపట్టి అక్కడే ఆగిపోయారు. నారాలోని మహాబుద్ధుణ్ణి కూడా వదలకండి: 752లో ఆ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినవాడు బోధిసేనుడనే భారతీయ భిక్షువు. అక్కడి జింకలు బిస్కట్టు కోసం తల వంచి నమస్కరిస్తాయి, ఇవ్వకపోతే కొంగు నములుతాయి. కియోమిజు గుడికి ఎత్తుదారి చాలా ఉంది కనుక దాన్ని కొట్టివేయండి.

భోజనం సంగతి వేరే చెప్పాలి. ఒక చిన్న హోటల్లో "మాంసం వద్దు, చేప వద్దు" అని ఫోన్లో అనువదించి చూపించాము. వాళ్ళు తల ఊపి తెచ్చిన ఉడోన్ (లావు గోధుమ నూడుల్స్) పులుసు ఎండబెట్టిన చేప తురుముతో కాచినదని, సగం తిన్నాక తెలిసింది. వాళ్ళు మోసం చేయలేదు. ఆ రసాన్ని వాళ్ళు చేపగా లెక్కపెట్టరు. కాబట్టి "దాషి", అంటే పులుసుకు ఆధారమైన ఆ రసం, దేనితో కాచారని ఆ మాటతోనే అడగండి. బౌద్ధమఠాల భోజనమైన షోజిన్ ర్యోరీలో చేప రసం వాడరు. కందిపొడి మాత్రం మరచిపోకండి.

బజార్లలో నిషికి చాలా ఇరుకు, నడుస్తూ తినడం అక్కడ మర్యాద కాదు. అమ్మగారికి ఒసాకాలోని షిన్‌సాయిబాషి సుఖం: వీధి పొడుగునా పైకప్పు ఉంది, ఎండా వానా తగలవు.

కాకినాడ పాఠకుడు:

పైవారు చెప్పనివి రెండు. జపాను వారి సొంత మతమైన షింటో ఆలయంలో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగుతారు. బౌద్ధాలయంలో చప్పట్లు కొట్టరు, చేతులు జోడిస్తే చాలు. మేము తెలియక ఒక బౌద్ధాలయంలో కొట్టాము, పక్కనున్న ముసలాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రెండవది, 2026 నవంబరు 1 నుంచి దుకాణాల్లో పర్యాటకులు ముందు పన్నుతో సహా చెల్లించి, దేశం విడిచేటప్పుడు తిరిగి పొందవలసి ఉంటుంది. ఆ తరువాత వెళ్ళేవారు విమానాశ్రయానికి కాస్త ముందుగా చేరాలి.

కౌశిక ఒడ్డు:

అందరికీ ధన్యవాదాలు. పట్టికలో నాలుగు గుళ్ళు, ఒక కోట, ఒక బజారు మిగిలాయి. బావగారు చిన్నబుచ్చుకున్నారు, అది అక్కయ్య చూసుకుంటుంది. 13న తాడు పట్టుకుంటానని అమ్మే ముందు అన్నది. ఒక చిన్న సందేహం: ఉత్సవంలో అమ్మే "చిమాకి" కొని అక్కడే తినవచ్చా?

రాజోలు ప్రవాసి:

వద్దండీ, అందులో తినేందుకు ఏమీ ఉండదు. అది వెదురాకులతో కట్టిన రక్ష, గుమ్మానికి తగిలిస్తారు. దానిమీది చీటీలో "మేము సోమిన్ షోరాయ్ వంశస్థులం" అని రాసి ఉంటుంది. అతను పేదవాడై ఉండి కూడా, దారితప్పి వచ్చిన దేవుడికి ఇంట చోటిచ్చి కొర్రన్నం పెట్టాడని కథ. అమ్మగారు మామిడి తోరణం పక్కన కట్టుకోవచ్చు. ఏడాది అయ్యాక మాత్రం దాన్ని తిరిగి అక్కడికే చేర్చాలి, అది మీ అక్కయ్యగారికి అప్పజెప్పండి.